గడప లేని వేపమండ

పుంగనూరు,
14-3-1944

మదనపల్లెలోని ఆరోగ్యాధికారి గారి సముఖమునకు,

విషయం: సంతపాకలో మశూచి సోకిన ఇల్లులేని స్త్రీపై జరిగిన దౌర్జన్యము, రక్షణ కోరుట గురించి.

అయ్యా,

ఇల్లు లేనివాళ్లకు అమ్మవారు పోస్తే వేపమండ ఏ గడపకు కట్టాలి? మద్రాసులో బి.ఏ. చదివే రోజుల్లో, రోడ్డువార మశూచితో పడి ఉన్న మనిషిని చూసినప్పటినుంచి ఈ ప్రశ్న నన్ను వదలలేదు. మొన్న మా ఊళ్లో దానికి కర్రలతో జవాబు చెప్పినారు. కనుక మనవి చేసుకొనునది ఏమనగా:

1. కుప్పం వైపునుంచి కరువుకు తరలివచ్చిన గురప్ప, అతని భార్య రామలక్ష్మమ్మ సంతపాకలో తలదాచుకొనుచుండిరి. ఆమెకు అమ్మవారు పోయగా, ఎవరూ దగ్గరికి రాకూడదని గురప్ప పాక స్తంభానికి వేపమండ కట్టెను. క్రైస్తవురాలినైన నేను కూడా ఆ గుర్తు చూస్తే ఆగిపోతాను.

2. బజారు మనుషులు ఆగలేదు. బియ్యం అంగడి నరసింహులు ముందు నిలబడి, "సంతపాక మీ నాయన కట్టించినాడాప్పా? గడప ఉండేవోడు కడతాడు వేప. నీకు యాడుండాది గడప?" అని అడిగెను.

"లేదు గాబట్టే స్తంభానికి కట్టినా సామీ. దాసిపెట్టుంటే మీకే గదా అంటుకునేది" అన్నాడు గురప్ప.

చెప్పింది సరైన మాటే. అందుకే కాబోలు, మొదటి దెబ్బ నోటిమీద పడింది. తర్వాత మోచేయి విరిచినారు. ఆమె పడుకొని ఉన్న గోనెపట్టాకు నిప్పు పెట్టినారు. నేను అడ్డం పోతే, "తప్పుకో పంతులమ్మా, నీకూ పోస్తాది" అని తోసేసినారు. ఆమెను ఇవతలికి లాగితే వీపు తోలు పట్టాకే అంటుకొని ఉండిపోయింది. దీనిని అర్జీ భాషలో ఎట్లా రాయాలో నాకు తెలియలేదు.

3. ఆనాటినుంచి ఇల్లులేని వాళ్లెవరూ వేప కట్టడం లేదు. పొక్కులమీద గుడ్డ కప్పుకొని సంతలో జనం మధ్యనే తిరుగుతున్నారు.

కావున ఊరి వెలుపల వారికి గడపగల పాక ఒకటి వేయించి, టీకాలవారిని పంపి, కాపలా పెట్టించవలెను. కాపలావాని ముఖము ఊరివైపు ఉండవలెను. ఈ మనవిని పక్కన పెట్టక చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
బి. వరమ్మ, బి.ఏ.,
ఉపాధ్యాయిని

తా.క. రోగుల జాడ తెలిసినవారు చెప్పవలెనని తమరు వేయించిన చాటింపు విన్నాను. గురప్ప, రామలక్ష్మమ్మ పారిపోయి దాక్కొని ఉన్న చోటు నాకు తెలుసు. పక్కనే ఒక పల్లె బావి. గురప్ప మిగిలిన చేత్తో అందులోనే నీళ్లు చేదుతున్నాడు. చెబితే తమ మనుషుల వెనకే కర్రలూ వస్తాయి. చెప్పకపోతే ఆ పల్లెకు అంటుకుంటుంది. చోటు పేరు రాయడానికి కింద ఒక వరస వదిలినాను. రాయాలో వద్దో తేల్చుకోలేక అట్లాగే పంపిస్తున్నాను.