మేనమామగారి ఫ్యామిలీ

మార్చి 3
ఇంకో దేశంలో మగవాళ్లిద్దరు పెళ్లి చేసుకోవచ్చని చట్టం వచ్చిందట. మా స్టూడియో తన ఫోన్లో వార్త చదివి కాఫీ ఒలకబోశాడు. ఫోటోలు తీస్తాడని అందరూ స్టూడియో అంటారు, పేరు అడిగితే వాళ్లమ్మే తడుముకునేది. ఇరవై ఏళ్లుగా మాది ఒకే ఇల్లు, ఒకే మంచం.

ప్రపంచ పటం చూపించాడు. ఒక రంగు దేశంలో మేం దంపతులం, పక్క రంగులో రూమ్మేట్లం, ఆ పక్కన జైలు. కొన్నిచోట్ల ఉరి కూడా. విమానమెక్కితే కిటికీ సీటు నువ్వే తీసుకో, కింద ఏ దేశమొచ్చిందో చెప్తే దాన్నిబట్టి జరిగి కూర్చుంటానన్నాను.

మన దగ్గర నేరం కాదు, పెళ్లీ లేదు. గుండీలు కుట్టకుండానే డెలివరీ ఇచ్చిన చొక్కా.

మార్చి 9
మేనకోడలు పెళ్లి జాకెట్టు కొలతలకి నా టైలరింగ్ షాపుకొచ్చింది. ఈసారి స్టూడియో మామయ్య కెమెరా ముట్టుకోకూడదు, నీ పక్కన ఫోటోలో ఉండాలి మామయ్యా అంది. నిజమే. మా ఇంటి ఫోటోలన్నీ వాడే తీశాడు, ఒక్కదాంట్లోనూ లేడు. ఆల్బం చూసినవాళ్లు నన్ను ఒంటరి అనుకుంటారు.

మార్చి 10, రాత్రి
అక్క ఫోన్. ఒరేయ్, వాడు మంచోడు కాదన్నానా, పెళ్లివారు ఎవరని అడిగితే నేనేం చెప్పి చావను, చేతిలో కెమెరా ఉంటే గౌరవంగా ఉంటుంది కదరా అంది. సరే, నేనూ మెళ్లో టేపేసుకుని గుమ్మం దగ్గర నిలబడతాలే అన్నాను. పెట్టేసింది.

మార్చి 11
కెమెరా వెనకే హాయి, వదిలెయ్ అన్నాడు స్టూడియో. అబద్ధమాడితే వాడి చెవులు ఎర్రబడతాయి. నేను టేపు తీసి వాడికి కోటు కొలతలు తీసుకున్నాను.

మార్చి 15
అక్క ఫోన్ చెయ్యలేదు. కోటుకి లైనింగ్ అయింది.

మార్చి 22
పెళ్లి అయింది. ఫోటోలకి వేరేవాణ్ణి పెట్టారు, మైకు అక్కర్లేని గొంతు. పెళ్లికూతురి మేనమామగారి ఫ్యామిలీ రండి అని కేకేశాడు. నేను స్టేజీ ఎక్కాను. స్టూడియో కిందే ఉన్నాడు, ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక. ఫ్యామిలీ అంటే మీరొక్కరేనా సార్ అన్నాడు ఆ ఫోటోగ్రాఫర్. కాదు, వచ్చేదాకా ఆగు అన్నాను. హాలంతా ఆగింది.

అప్పుడు అక్క లేచింది. ఏమయ్యా స్టూడియో, నీకు ప్రత్యేకంగా బొట్టుపెట్టి పిలవాలా, జనం ఆకలితో చస్తున్నారు, ఎక్కు అంది. వాడు ఎక్కాడు.

పెళ్లికొడుకు తల్లి ఆయనెవరని అడగనే అడిగింది. మా తమ్ముడి మనిషి అంది అక్క, గొంతు తగ్గించకుండా. ఆవిడ వాడి కోటు చూసి, బాగుంది, ఎవరు కుట్టారంది.

మార్చి 30
ఫోటో వచ్చింది. రెప్పలు వెయ్యకండి అని ఇన్నేళ్లూ ఊరందరిమీదా అరిచిన స్టూడియో, కళ్లు మూసుకుని ఉన్నాడు. మళ్లీ తీయిద్దామా అన్నాడు. వద్దన్నాను. షాపులో అద్దం పక్కన తగిలించాం.