బుట్టలో వేసిన బెండకాయలు

చిరంజీవి సౌభాగ్యవతి మా కోడలు పిల్లకు,

అత్తయ్య దీవించి రాసేది. ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. మీ మామయ్య చేతి కట్టు ఇంకా విప్పలేదు కాబట్టి ఆయన క్షేమంలో కాస్త తరుగు ఉందనుకో. నువ్వు వేళకు తింటున్నావనీ, హాస్టలు గదిలో ఆ విరిగిన కిటికీ తలుపు ఈపాటికి బాగుచేయించి ఉంటారనీ తలుస్తాను.

నీ ఉత్తరం నిన్న అందింది. ఒకసారి చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. "మామయ్యకి ఇలా అయ్యాక నాకిక్కడ మనసు నిలవడం లేదు అత్తయ్యా, ట్రైనింగ్ మధ్యలో ఆపేసి వచ్చేస్తాను" అని చివర రాశావే, అది చూశాక నాకు ముద్ద దిగలేదు. ఆ సంగతికి వస్తాను. ముందు నువ్వడిగినవాటికి జవాబులు చెప్పనీ, లేకపోతే దాటేశానంటావు.

పైవాటా ఆవిడ పిల్లి ఈనింది. పిల్లల్ని తెచ్చి మన చెప్పుల స్టాండులో కాపురం పెట్టింది. మీ ఆయన ఆఫీసుకు వెళ్ళేటప్పుడు బూట్లు దులిపి మరీ తొడుక్కుంటున్నాడు. తన చొక్కాలు తనే ఇస్త్రీ చేసుకుంటున్నాడు. కాలర్లు తప్ప అన్నీ బాగానే వస్తున్నాయి. మన బిల్డింగు లిఫ్టు మళ్ళీ మొరాయించింది. బాగుచెయ్యడానికి వచ్చినతను దాని ముందు నిలబడి తల గోక్కున్నాడు తప్ప చేసిందేమీ లేదు. "మీ కోడలు ఉంటే ఈపాటికి పరిగెత్తించేది కదమ్మా" అన్నాడు వాచ్‌మన్. "మా అమ్మాయి ఇప్పుడు రిపేర్లు చేసే మనిషి కాదు, లిఫ్టుల ఇన్‌స్పెక్టరు కాబోతోంది" అని గొప్పగా చెప్పి, ఆయాసపడుతూ మెట్లెక్కాను.

ఇక ఎయిర్ ఫ్రయ్యర్ గురించి నువ్వడిగినవి. లిఫ్టును తనిఖీ చేసినట్టే అడిగావు. బుట్ట లోపలి పూత లేచిపోయిందా? లేదు, కొన్ననాడు ఎలా ఉందో అలాగే ఉంది. వేడి ఎంత పెట్టేదాన్ని? నువ్వు చెప్పినంతే. బెండకాయలు కడిగాక గుడ్డతో తుడిచి, తడి పూర్తిగా ఆరాకే సన్నగా పొడుగ్గా తరిగానా? తరిగాను. శనగపిండి, బియ్యప్పిండి పైపైన చల్లడమేనా? అంతే. "నూనె ఒక్క చెంచానే కదా, నేను చెప్పిన లెక్కలో ఏమైనా తప్పుందా?" అని అడిగావు.

తల్లీ, ఇక్కడే నా పెన్ను ఆగిపోయింది. లేచి మంచినీళ్ళు తాగి వచ్చి కూర్చున్నాను.

నూనె మానాలని డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచీ వేపుడు లేక మీ మామయ్య ఎంత దిగాలు పడ్డారో నువ్వు చూశావు. అందుకే కదా, ట్రైనింగుకు వెళ్ళేముందు ఆ మిషన్ కొని, నా పక్కన నిలబడి అన్నీ నేర్పించి వెళ్ళావు. నువ్వు వెళ్ళిన మర్నాడే పెట్టాను. మూత తీస్తే బెండకాయలు వడలిపోయి, ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. "అమ్మా, ఇది వేపుడా పులుసా?" అన్నాడు మీ ఆయన. "కుట్టు మిషన్ అయితే దాని మాట వింటుంది గానీ ఇది వినదులేరా" అని మీ మామయ్య నవ్వారు. మర్నాడూ అంతే అయింది. వాళ్ళు వేళాకోళానికే అన్నారు. కానీ ఊళ్ళో సగం మందికి జాకెట్లు కుట్టి, ఏ మిషన్ ముందూ ఓడిపోని దాన్ని నేను. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ మరుసటి సాయంత్రం తండ్రీకొడుకులు నడకకు వెళ్ళారు. నేను కిటికీలు తెరిచి, బాణలి పెట్టి, నిండా నూనె పోశాను. ఎర్రగా, కరకరలాడేలా వేయించి, ఆ బెండకాయలు తీసుకెళ్ళి నీ మిషన్ బుట్టలో పోసి మూసేశాను. వాళ్ళు వచ్చాక ఎదురుగానే బుట్ట బయటికి లాగాను. అవును తల్లీ, చేతులారా చేశాను.

"అబ్బ! ఏం మిషనే!" అన్నారు మీ మామయ్య. "అమ్మకి పట్టు దొరికిందిరోయ్" అన్నాడు వాడు. నువ్వు కూడా ఉత్తరంలో మెచ్చుకున్నావు, మీ హాస్టల్లో అందరికీ నా గురించి చెప్పానని. ఎంత బాగుందనుకున్నావు ఆ పొగడ్త! రేపటి నుంచి మానేద్దాం అని రోజూ అనుకున్నాను, రోజూ బాణలి పెట్టాను. వాడిన నూనె సీసాలో పోసి సబ్బు పొడి డబ్బా వెనక దాచాను.

తరువాత జరిగినవి నీకు తెలుసు. రక్తపరీక్షలో కొవ్వు పెరిగింది. "నూనె అస్సలు ముట్టుకోవడం లేదండీ" అని మీ ఆయన డాక్టరమ్మకు ఘంటాపథంగా చెప్పాడు. అయితే మందు చాలడం లేదేమోనని ఆవిడ మాత్ర పెంచింది. అప్పటి నుంచి మీ మామయ్యకు కాళ్ళు పట్టేయడం, తొడలు లాగెయ్యడం. చివరికి స్నానాల గదిలో కాలు నిలవక పడ్డారు. మణికట్టు విరిగింది. మారిందల్లా ఈ మిషనే, దీని పూతలోనే ఏదో ఉందని మీ ఆయన దాన్ని అట్టపెట్టెలో కట్టి అటకెక్కించి, నీకు ఫోన్ చేసి ఎగిరిపడ్డాడు. ఆ మాటలన్నీ నా ముందే అన్నాడు. నేను స్టవ్ తుడుస్తూ ఉండిపోయాను. తుడిచిందే తుడిచాను.

నువ్వు తిరిగి కేకలెయ్యలేదు. "తప్పు నాదేనేమో అత్తయ్యా, సరిగా తెలుసుకోకుండా కొన్నాను, క్షమించండి" అని రాశావు. ఆ ఒక్క మాట నన్ను నిలువునా చీల్చింది.

ఈ ఉదయం మీ మామయ్యను డాక్టరమ్మకు చూపించాల్సిన రోజు. తండ్రీకొడుకులతో నేనూ వస్తానని బయల్దేరాను. ఆవిడ కాగితాలు తిరగేసి, "నూనె లేకుండానే ఇలా ఉందంటే మాత్ర ఇంకోటి కలపాలి" అంది. అప్పుడు నేను ఆవిడ వైపు వంగి, చెవిలో చెప్పినట్టు, మెల్లగా అన్నాననుకున్నాను. "డాక్టరమ్మా, నూనె ఉంది. మిషన్ అటకెక్కేదాకా నేనే రోజూ బాణలి నిండా పోసి వేయించాను, మిషన్‌లో చేశానని అబద్ధం చెప్పాను." గది తలుపు తెరిచే ఉంది. బయట బెంచీల మీదున్న వాళ్ళందరూ తలలు తిప్పి చూశారు. నర్సు పరిగెత్తుకొచ్చి తలుపు వేసింది. నేను అరిచానట తల్లీ. నాకు తెలియనే లేదు.

అదీ అసలు సంగతి. ఫోన్లో నీ మాట సరిగా రాదని, ఉత్తరాలే నయమని నిన్ను విసిగించానే, ఫోన్‌కేమీ కాలేదు. నా చెవులే పోతున్నాయి. ఆ మిషన్ మధ్యలో ఒకసారి మోగుతుంది, అప్పుడు బుట్ట కుదపాలి, చివర్లో మోగగానే తీసెయ్యాలి అని నువ్వు చెప్పావు. నాకు ఏ మోతా వినపడలేదు. ఆగిపోయిన మిషన్‌లో బెండకాయలు వాటి ఆవిరికి అవే మెత్తబడ్డాయి. చెవిటిదని అనిపించుకోవడం కంటే దొంగనవడం నయమనిపించింది నాకు. బుద్ధి అలా గడ్డి తింది.

డాక్టరమ్మ తిట్టలేదు. మాత్ర తగ్గించింది, కాళ్ళు సర్దుకుంటాయంది, నన్ను చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళమని చీటీ రాసిచ్చింది. ఇంటికొచ్చాక మీ ఆయన బూట్లు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాడు. "తనని ఎన్ని మాటలన్నానమ్మా" అన్నాడు. కాసేపటికి లేచి మిషన్‌ను అటక మీద నుంచి దించాడు. మీ మామయ్య మాత్రం మంచం మీద కూర్చున్నాక నా వైపు తిరిగి, నాకు వినపడేలా అడిగారు.

"కాళ్ళు నొప్పులంటే రోజూ నువ్వే కదే పిసికావు. అప్పుడైనా చెప్పాలనిపించలేదా?"

అనిపించింది. రోజూ అనిపించింది. ఆ మాటే ఆయనతో అన్నాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఇప్పటికీ అటే ఉన్నారు. కోపం తగ్గడానికి ఎన్నాళ్ళు పడుతుందో నాకు తెలియదు, త్వరగా తగ్గాలని అడిగే మొహమూ లేదు.

రాత్రికి మీ ఆయన ఫోన్ చేసి, తప్పు నీది కాదు, రావద్దని చెబుతాడు. తప్పు నాదని మాత్రం చెప్పొద్దన్నాను. అది నేను చెప్పుకోవాల్సింది. వాడు ఎంత చెప్పినా, నిన్ను ఓదార్చడానికే అంటున్నాడని నువ్వు నమ్మవు. అందుకే ఒక్కటీ దాచకుండా రాశాను. నీ లెక్క తప్పు కాదు. నీ మిషన్ తప్పు కాదు. నువ్వు సామాను సర్దుకుని వచ్చేశావంటే, నేను చేసినదానికి శిక్ష నీకు పడినట్టు. మీ మామయ్య ముఖం ఎలాగో చూస్తున్నాను గానీ, ట్రైనింగు చివరి పరీక్ష వదిలేసి వచ్చిన నీ ముఖం చూడలేను తల్లీ.

కోడలిని క్షమాపణ అడగడం మా అత్తగారి దగ్గర నేను నేర్చుకోలేదు. ఆవిడ ఎప్పుడూ అడగలేదు. నేను అడుగుతున్నాను. వెంటనే క్షమించెయ్యకు. పరీక్ష రాయి, ఇన్‌స్పెక్టరువై ఇంటికి రా, వచ్చి నన్ను కూర్చోబెట్టి తిట్టు. గట్టిగా తిట్టు. మర్యాదకు పోయి మెల్లగా తిడితే నాకు వినపడదు.

ఇట్లు,
సిగ్గుతో
మీ అత్తయ్య