నాన్న బెర్తు

నాన్నా,
నీ లుంగీలు ఉతికి సంచిలో పెట్టాను. ఆధార్ కార్డు చొక్కా జేబులో ఉంది. టికెట్టు ఫోనులోనే ఉంది కాబట్టి ఛార్జింగు నుంచి తీయడం మర్చిపోకు. నాకు దువ్వాడ బస్సుకి టైమైంది. సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా స్టేషనుకి వచ్చేస్తాను.

స్లీపరు మాత్రం రద్దు చెయ్యలేదు. "మావోళ్ళందరూ గుజరాతు వెరావల్లో సేపల బోట్లకి జనరల్లో కూకుని ఎల్తంటే, నానొక్కడినీ దొరనాగ తొంగుంటానేటి?" అని రాత్రి నువ్వు కసిరితే ఏడుపొచ్చింది. నా మొదటి జీతంతో తీసిన టికెట్టు కదా.

పొద్దున్నే, నీతో బోటుకి వచ్చే కోటి మావయ్య ఫోను చేశాడు. "రేత్రి బావ మా అందరికీ ఫోన్లు సేసి, నా కూతురు నాకు బెర్తు తీసిందిరా అని సెప్పేడమ్మా. కాళ్ళు కట్టేసైనా పడుకోబెడతాం, నీకెందుకు బెంగ" అన్నాడు.

నవ్వాగలేదు నాన్నా. ఆ ముక్క నాతో అంటే నీ సొమ్మేం పోయేది?

రాత్రుళ్ళు బెర్తు మీద పడుకో. తెల్లారాక పెద్ద స్టేషన్లో దిగి వాళ్ళ బోగీలోకి వెళ్ళు. నీ చోటు ఉంచుతారట.

ధనశ్రీ

పెద్ద డబ్బాలో వేయించిన నెత్తళ్ళ చేపలు ఉన్నాయి. కోటి మావయ్య రాత్రంతా కూర్చునే ఉంటాడు. నువ్వు నడుం వాల్చే ముందు గుర్తుపెట్టుకుని ఆయనకి కాసిని ఇచ్చి రా.