మోకాళ్ళ దాకా

క్లీవ్‌లాండ్,
2019 జనవరి 8

ప్రియమైన ఎజెల్,

ఫోన్లో అయితే మాట మార్చేస్తావు, అందుకే కాగితం మీద పెడుతున్నాను. చదవకుండా చింపావో, డెట్రాయిట్ వచ్చి నువ్వు నడిపే బస్సెక్కి అందరికీ వినబడేలా చదువుతాను.

వెల్డన్ కాలేజీలో మన ఐదుగురి బాస్కెట్‌బాల్ జట్టు పేరు మీద ఒక గది తెరుస్తున్నారు. ఫిబ్రవరి 16న. నన్ను మాట్లాడమన్నారు. నా ఫొటో కింద పెట్టబోయే పలక నకలు కూడా పంపారు: 'దేశానికి పొడుగు నిక్కరు తొడిగినవాడు థర్మన్ గేజ్.' అది చదివాక తిండి సయించలేదు.

అందరూ తొడలు కనబడే నిక్కర్లు వేసే రోజుల్లో, మొదటి ఏడాది కుర్రాళ్ళం మోకాళ్ళ దాకా వేలాడేవి వేసుకుని దిగాం. పత్రికలు రౌడీ మూక అన్నాయి. పెద్దమనుషులు మన నల్ల రంగుని కూడా కలిపి బూతులు రాసి పంపారు. ఇప్పుడు నా దగ్గర ఆడే పిల్లలకు ఆనాటి పొట్టి నిక్కరు చూపిస్తే, "కోచ్, ఇది లోపల వేసుకునేదా?" అని అడుగుతున్నారు.

పొగరుతో వేశామని లోకం అనుకుంది. నీ తొడ మీద కాలిన మచ్చ ఉందనీ, నువ్వు రెండు సైజులు పెద్దది వేసుకుని వస్తే నిన్నొక్కణ్ణే చూసి ఎవరూ నవ్వకూడదని మేం నలుగురమూ అలాంటివే అడిగి వేసుకున్నామనీ మనకే తెలుసు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ గొప్ప నాదేనన్నట్టు తలూపాను. ఇక నా వల్ల కాదు. ఆ రోజు మైకులో నిజం చెప్పేస్తాను.

నీ
థర్మన్

డెట్రాయిట్,
జనవరి 15

థర్మన్,

'ప్రియమైన' అని రాయబోయి ఆగాను. నువ్వు ఆ మాట చెప్పిన రోజే మన స్నేహానికి నీళ్ళు వదులుకో.

మచ్చకి సిగ్గుపడే వయసు దాటిపోయాను. సంగతి అది కాదు. ఆరేళ్ళప్పుడు పొయ్యి మీది నూనె మూకుడు నేనే లాక్కున్నానని మీకు చెప్పాను. అది ఆసుపత్రిలో అమ్మ చెప్పిన మాట. నేను లాగలేదు. అమ్మ రెండు షిఫ్టులు చేసి వచ్చి, నిలబడే కునుకు తీస్తూ, కాగే నూనె నా మీద ఒంపేసింది. నిజం తెలిస్తే పిల్లల సంక్షేమ శాఖవాళ్ళు నన్నూ చెల్లినీ తీసుకుపోతారని ఆమె భయం. పక్కింటి పిల్లల్ని అలాగే తీసుకుపోయారు. ఆసుపత్రికి వెళ్ళే దారి పొడుగునా నన్ను హత్తుకుని, "నువ్వే లాగావు, తెలిసిందా నాన్నా?" అంది. ఆ తర్వాత ఆ ఊసు మేమిద్దరం ఎత్తలేదు.

ఆమెకిప్పుడు డెబ్భై ఆరు. చర్చిలో ఆదివారం బడిలో నలభై ఏళ్ళుగా పిల్లలకి అబద్ధమాడకూడదని నేర్పుతున్న మనిషి. ఆ రోజు మొదటి వరసలో కూర్చుంటుంది. నువ్వు మచ్చ అనగానే ఎవడో విలేకరి ఎలా కాలిందని అడుగుతాడు, మైకు తెచ్చి ఆమె నోటి ముందు పెడతాడు. అప్పుడామె ఏం చెప్పాలి? ఎలా కాలిందని ఎవరూ అడగకూడదనే మచ్చ దాచానని ఆమెకు తెలియదు. అదంతా కుర్రకారు షోకనే అనుకుంటోంది. అలాగే అనుకోనివ్వు.

ఎజెల్

క్లీవ్‌లాండ్,
జనవరి 24

ప్రియమైన ఎజెల్,

ఇది నాకు తెలియదురా. హాస్టల్లో పక్కపక్క మంచాల మీద ఏడాది పడుకున్నాం, నాకూ అదే అబద్ధం చెప్పావు. కోపం వచ్చింది. తర్వాత సిగ్గేసింది.

నేను చెప్పను. కానీ ఆ పలక పక్కన నిలబడి మళ్ళీ తలూపలేను. కాబట్టి రాను. జ్వరమని చెప్పు. మిగతా ముగ్గురూ నన్ను తిట్టుకున్నా సరే, మీ ఒడెస్సా అమ్మకి మాత్రం నా మీద మనసు విరగకుండా చూడు.

నీ
థర్మన్

డెట్రాయిట్,
ఫిబ్రవరి 18

ప్రియమైన థర్మన్,

నీ కుర్చీ ఖాళీగా ఉండటం చూసి వెనక ఎవరో, "పెద్ద స్టార్ కదా, మనం కంటికెక్కడ ఆనుతాం!" అన్నారు. అమ్మ నా వైపు తిరిగింది.

"వాడికేమైందిరా?"

"జ్వరమమ్మా."

"నా మొహం చూసి చెప్పు."

అబద్ధం చెప్పలేకపోయాను. నువ్వెందుకు రాలేదో మొత్తం చెప్పేశాను. కర్ర పట్టుకుని లేచింది. చెయ్యి పట్టుకుంటే విదిలించేసింది. నేను వద్దు వద్దంటుంటే మైకు దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"ఆ పలక మీద రాసింది తప్పు బాబూ. పొడుగు నిక్కర్లు మొదలెట్టింది థర్మనూ కాదు, మావాడూ కాదు. నేను. ఆటబట్టలిచ్చే ఆయనకి నేనే ఫోన్ చేసి, మావాడికి రెండు సైజులు పెద్దది ఇవ్వండి, నేనడిగానని చెప్పకండి అన్నాను. వాడి కోసమనుకునేరు. కాదు. టీవీలో ఆ కాలు చూడలేక. నూనె పోసింది నేను. వాడే లాక్కున్నాడని అబద్ధం చెప్పిందీ నేనే. నేను దాచుకుంది వాడి కాలు కాదయ్యా, నా చెయ్యి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాకు మాత్రం వెళ్ళి ఆమెను ఎత్తుకోవాలనిపించింది. ఆ రోజుల్లో నేనడక్కముందే ఆయన పెద్ద నిక్కరు చేతిలో ఎందుకు పెట్టాడో అప్పుడర్థమైంది. ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం అదే కాలు కప్పుతూ బతికామన్నమాట.

ఆమెను కారులో ఎక్కించుకుని బయల్దేరాను. మా వీధి మలుపులో మెల్లగా అడిగింది: "నాన్నా, ఇప్పుడిక వాళ్ళు నిన్ను తీసుకుపోలేరు కదూ?"

"నాకు నలభై ఆరమ్మా. ఈ శాల్తీని ఎవరు మోస్తారు?" అన్నాను. ముందు నవ్వింది. తర్వాత ఏడ్చింది. నేనూ కారు ఆపి ఏడ్చాను.

నిన్ను ఆదివారం భోజనానికి రమ్మంటోంది. రాకపోతే తనే వచ్చి చెవి పట్టుకు లాక్కొస్తుందట. చేస్తుంది కూడా.

నీ
ఎజెల్