తోలు ఇంకా ఆరలేదు

మైల్స్ సిటీ, మోంటానా
జనవరి ఆఖరు

ప్రియమైన డెనిస్‌కి,

మీ అక్కకి ఈ వయసులో ఇదేం పిచ్చి అని ఫోనులో నవ్వావు చూడు, ముందు దానికి జవాబు రాస్తాను. స్కూలు బస్సు తాళాలు అప్పగించి ఇంటికొచ్చాక నాకు చేతులకి పనిలేదు. అల్లికలు నా వల్ల కావు. చర్చి ఆడవాళ్లతో పేకాట అంతకన్నా కాదు. అందుకని నాన్న తోలు పనిముట్ల పెట్టె అటక మీంచి దింపాను. పెళ్లయ్యాక మళ్లీ సూది ముట్టని వేళ్లు కదా, మొదట్లో నా మాట వినలేదు. మాంసం కొట్టు లైల్‌కి తుపాకి ఒర చేసిచ్చాను. వాడు నడుముకి పెట్టుకు చూసి, "దేవుడు నాకు కుడి చెయ్యి ఇస్తే నువ్వు ఎడం చేతికి కుట్టావేంటి వెర్లా?" అన్నాడు. కాగితం నమూనాని తోలు మీద బోర్లా వేసి కోశానన్నమాట. నాన్న ఉంటే నెత్తిన మొట్టేవాడు. రెండోసారి కుదిరింది. ఇప్పుడు నలుగురు అడుగుతున్నారు. తోలు తడిపి, తుపాకిని పల్చటి ప్లాస్టిక్‌లో చుట్టి లోపల పెట్టి, దాని ఒళ్లంతా పైకి కనబడేలా వేళ్లతో అణుస్తూ కూర్చుంటే నాకు ఇంకేమీ గుర్తుండదు. అందుకే చేస్తున్నాను, చాలా?

ఇక అసలు సంగతి. పోయిన బుధవారం మన తమ్ముడు రోయ్స్ వచ్చాడు. దాణా కొట్టుకి వచ్చానన్నాడు. ఆవులన్నీ అమ్మేసుకున్నవాడికి దాణా కొట్టులో ఏం పని? కరువుకి మంద పోయింది, ఆ వెనకే మార్జ్ పోయింది. వాడు పుట్టి బుద్ధెరిగాక దూడలు పుట్టని చలికాలం ఇదే మొదటిదేమో. భార్య లేదు, పశువు లేదు, పొద్దున్నే లేవాల్సిన పని లేదు. కాఫీ తాగాడు, పెట్టింది కెలికి వదిలేశాడు. తర్వాత కోటు జేబులోంచి నాన్న రివాల్వరు తీసి బల్ల మీద పెట్టాడు.

"దీనికో ఒర కుట్టక్కా."

"నీకిప్పుడు ఒరెందుకురా?"

"నాన్న తుపాకి. గుడ్డలో చుట్టి పడేస్తే ఏం బావుంటుంది?"

"సర్లే. కుక్కేదీ? బండిలో లేదే."

"పక్క పొలం ఆల్టన్‌కి ఇచ్చేశా. నా దగ్గర దానికేం పనుంది పాపం."

తుపాకి తెరిచి చూస్తే నిండా గుళ్లు ఉన్నాయి. మన ఇంట్లో గుళ్లున్న తుపాకి ఒకళ్ల ముందు పెట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా డెనిస్? చిన్నప్పుడు ఆ తప్పు చేస్తే నాన్న చెమడాలెక్కదీసేవాడు. నేను ఒక్కొక్కటీ తీసి పక్కన పెడుతుంటే వీడు తలొంచుకుని చూస్తూ కూర్చున్నాడు. మర్చిపోయానని కూడా అనలేదు.

"ఎప్పటికవుతుంది?" అన్నాడు వెళ్తూ వెళ్తూ.

"తోలు దొరకాలి, తడపాలి, ఆరాలి. తొందరపెడితే ఎడం చేతికొస్తుంది, నీ ఇష్టం," అన్నాను.

తోలు ఆరడానికి పొయ్యి పక్కన ఒక రాత్రి చాలు, నీకూ తెలుసు. ఆ తుపాకి నేను తిరిగి ఇవ్వను. సూటిగా అడిగితే వాడు లేచి వెళ్లిపోతాడు, తుపాకి పట్టుకుని మరీ పోతాడు. అందుకని సాగదీస్తాను, ఎన్నాళ్లు సాగితే అన్నాళ్లు. నాకు చాలా భయంగా ఉందే. నువ్వు వాడికి రోజూ ఫోను చెయ్యి. ఎత్తకపోయినా చెయ్యి.

మీ అక్క,
వెర్లా


మైల్స్ సిటీ
ఫిబ్రవరి

ఒరే రోయ్స్,

ఫోను ఎత్తవు కాబట్టి నాకీ కాగితం ఖర్చు. నీ ఒర ఆలస్యమవుతోంది, తిట్టుకోకు. తడి తోలు మీద పిల్లి పడుకుందని పోయిన వారం రాశాను కదా, దాని సంగతి సరే. ఇప్పుడు కొత్తగా కోసిన ముక్కలో ముళ్లకంచె గీరిన మచ్చ బయటపడింది. ఏ ఆవో గానీ బుద్ధిగా ఒకచోట మేసే రకం కాదు, నీ మందలోదే అయివుంటుంది. నాన్న తుపాకికి మచ్చ తోలు వేస్తానా? వేరేది తెప్పిస్తున్నాను. మంచుకి లారీలు రావడం లేదట. వచ్చినా ఈ తేమకి ఎప్పుడు ఆరుతుందో చెప్పలేను.

ఏం తింటున్నావు? డబ్బాలో బీన్సు అని మాత్రం రాయకు. నీ బెల్టు వెడల్పు ఎంతో కొలిచి పంపు. అది తెలియకుండా ఒర వెనక బెల్టు దూరే చీలికలు కొయ్యలేను. నువ్వు రాసేదాకా పని ఆగినట్టే.

నీ అక్క,
వెర్లా


మైల్స్ సిటీ
మార్చి

తమ్ముడూ,

శనివారం వచ్చి తీసుకెళ్తానని కార్డు రాశావు. బెల్టు కొలత లేదు, ఎలా ఉన్నావో లేదు, ఆ ఒక్క ముక్క. అది చేతిలో పట్టుకుని పొద్దుటి నుంచి ఇంట్లో తిరుగుతున్నాను. కొత్త సాకు ఆలోచించాను గానీ ఇక అల్లలేను రోయ్స్. నీ ఒర ఎప్పుడో అయిపోయింది. అంచులు కర్రతో రుద్ది అద్దంలా చేశాను, నూనె పట్టించాను, రెండు సూదుల కుట్టు ఎక్కడా తప్పలేదు. నేను చేసినవాటిల్లో అదే మంచిది. అది ఇస్తాను. తుపాకి ఇవ్వను. తాళం వేసి పెట్టాను, తాళంచెవి ఎక్కడుందో నా మీద ఒట్టు పెట్టినా చెప్పను. నువ్వు చచ్చిపోదామనుకుంటున్నావని నా భయం. ఇదిగో, రాసేశాను. ఇన్నాళ్లూ ఈ మాట రాయలేక పిల్లి మీదా లారీల మీదా నెట్టాను. తప్పయితే వచ్చి నా మొహం మీద తిట్టు, పడతాను. నిజమైతే అదీ నా మొహం మీదే చెప్పు, అదీ పడతాను. మార్జ్‌ని శ్మశానానికి సాగనంపి వచ్చాం. నిన్ను కూడా సాగనంపే ఓపిక నాకు లేదురా. నాన్న తుపాకి మీద నీకెంత హక్కుందో నాకు తెలుసు, షెరీఫుని వెంటబెట్టుకొస్తే రా, ఆయనకీ భోజనం పెడతాను.

శనివారం బీఫ్ రోస్టు చేస్తున్నాను. కోపంగా వచ్చినా సరే, రా.

అక్క


ఆల్టన్ ఇంటి నుంచి
మార్చి

అక్కా,

శనివారం రాను. కంగారుపడకుండా కింద దాకా చదువు.

ఆల్టన్ నడుం పట్టేసి మంచం దిగడం లేదు. వాడి ఆవులు ఈనుతున్నాయి. వాళ్లావిడ వచ్చి పిలిచింది, పది రోజులై వాళ్ల కొట్టం పక్క గదిలోనే ఉంటున్నాను. నిన్న ఒక దూడ అడ్డం తిరిగితే భుజం దాకా చెయ్యి పెట్టి లాగాను. బతికింది. నా కుక్క మొదటి రోజు అలిగి నా మొహం చూడలేదు, ఇప్పుడు కాళ్ల మధ్యే తిరుగుతోంది.

తోలు ఒక్క రాత్రిలో ఆరుతుందని నాకు తెలీదనుకున్నావా? నాన్న నీకొక్కదానికే నేర్పాడా? ఫిబ్రవరిలో మైల్స్ సిటీలో తేమట. పిల్లట. పిల్లి వెంట్రుక తగిలితే రెండు రోజులు తుమ్మేదానివి, నీకు పిల్లెక్కడిది?

ఆవుల్లేనివాడికి ఒరెందుకక్కా? ఆ గుళ్లు నేనే పెట్టాను. పెట్టాక, తియ్యడానికి చెయ్యి రాలేదు. తీస్తే మళ్లీ పెడతాననిపించింది. అలాగే జేబులో వేసుకుని నీ దగ్గరికి వచ్చాను. నువ్వు తెరిచి చూస్తావని తెలుసు, తీస్తావని తెలుసు. ఇది నీ దగ్గర ఉంచుకో అని అడగడానికి నోరు రాలేదు, ఒర కుట్టమన్నాను. అప్పటి నుంచి ప్రతివారం, కుట్టేసి ఇచ్చేస్తావేమోనని భయపడుతూనే ఉన్నాను. నీ ఉత్తరం వచ్చిందంటే ఇంకా ఇవ్వనట్టే కదా. అందుకని మంచులో పోస్టు పెట్టె దాకా నడిచి, ఈసారి ఏం సాకు చెప్పావో అక్కడే నిలబడి చదివేవాణ్ణి. ముళ్లకంచె ఆవు దగ్గర నవ్వొచ్చింది. మార్జ్ పోయాక నవ్వింది అప్పుడే అనుకుంటా. కానీ అంత బాగా ఎన్నాళ్లు అబద్ధమాడగలవో తెలియక, తీసుకెళ్తానని కార్డు రాసి చూశాను. ఇవ్వనన్నావు. నిన్న అది చదివి కొట్టంలో కూర్చుని ఏడ్చాను. ఆల్టన్ భార్య చూసింది, చూడనట్టు వెళ్లిపోయింది.

డెనిస్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంటోంది. వెళ్తాను. రోస్టు సంగతి ఆవుల ఈతలు అయ్యాక చూద్దాం, షెరీఫు లేకుండానే వస్తాను.

బెల్టు అంగుళంన్నర. ఒర మాత్రం ఇప్పుడే పంపు, పెట్టుకుంటాను. ఖాళీ ఒర వేలాడేసుకు తిరుగుతున్నాడని ఇక్కడివాళ్లు ఎలాగూ ఏడిపిస్తారు. అందులోది మా అక్క దగ్గరుంది, అడిగినా ఇవ్వదు అని చెప్తాను.

నీ తమ్ముడు,
రోయ్స్