జూన్ ముప్పై ఒకటి

అన్నయ్యా, ఇందుమూలంగా యావన్మంది బంధువర్గానికీ తెలియజేయడమేమనగా, నా ఎడమ చెప్పు తెగింది. నేను మాత్రం చెక్కుచెదరలేదు. "నలభై ఆరేళ్లదానికి లాయరు సహాయకురాలి చదువేంటి, నెలకే పారిపోయొస్తావు" అన్నావుగా, విను. పాఠం చెప్పే లాయరమ్మ నిన్న తన ఆఫీసులో రాసిన అద్దె ఒప్పందం ఒకటిచ్చి సారాంశం రాయమంది. నేను వేలు పెట్టి చదువుతుంటే క్లాసులో పిల్లలు నవ్వారు. ఆ వేలే జూన్ ముప్పై ఒకటి దగ్గర ఆగింది. "అమ్మా, జూన్‌కి ముప్పై రోజులే కదా?" అన్నాను. క్లాసంతా లేచి చప్పట్లు కొట్టింది.

నా పదో తరగతి సర్టిఫికెట్ వెంటనే పంపు. వంటింటి కుళాయి ఇంకా కారుతోందా? వదినకు నమస్కారం, పిల్లలకు దీవెనలు.

చప్పట్లు నా కల్పనే, ఒక్కరూ కొట్టలేదు. లాయరమ్మ మాత్రం తన కాగితం దిద్దుకుని, "సోమవారం నుంచి మా ఆఫీసు కాగితాలు ముందు మీరు చూడండి" అంది.