హేమ బురదలో దిగాలి

తమ్ముడు హనోకుకు,

ఫోనులో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి కాగితం తీసుకున్నాను. నా దగ్గరుండి చదువుకుంటున్న నీ కూతురు హేమను, శనివారం బడివాళ్లు హంసలదీవి మడ అడవికి తీసుకువెళ్తున్నారు. బురదలో దిగి చెట్లనూ పీతలనూ చూసి రాసుకోవడమే పాఠం. "ఆడపిల్లకి బురదలో పనేంటక్కా?" అన్నావు. వరిచేలో పొర్లి పెరిగినవాడివి, బురదంటే ఇంత భయం ఎప్పుడు పట్టుకుంది నాయనా?

పిల్ల మొహం చూడలేక, "మీ నాన్న ఒప్పుకున్నాడే" అని చెప్పేశాను. అది ఎగిరి గంతేసింది. ఆదివారం చర్చిలో నేను ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవాలి. నోట్లో అబద్ధం పెట్టుకుని ఎలా వెళ్లను? శుక్రవారంలోగా నువ్వు సరే అంటే నా మాట నిజమైపోతుంది.

ఈ కాగితం దాచుకో, హేమకు మాత్రం చూపించకు. వాళ్ల నాన్న అడగ్గానే ఒప్పుకున్నాడనే అనుకోనీ.

మీ అక్క